గుమ్మగెడ్డలో పదిహేనో రాత్రి

గుమ్మగెడ్డ విహారవనంలో ఎవరూ పద్నాలుగు రాత్రులకు మించి ఉండరాదన్న ఉత్తర్వు ఒక కంప్యూటరు ఉద్యోగి వల్ల వచ్చింది. ఆ పెద్దమనిషి మూడు రోజులకని వచ్చి తొమ్మిదో నంబరు టెంటులో డెబ్భై మూడు రోజులు ఉన్నాడు. పొద్దున్నే సరస్సు వైపు తిరిగి కూర్చుని, ల్యాప్‌టాపు ఒళ్లో పెట్టుకుని ఎవరెవరితోనో ఇంగ్లీషులో పోట్లాడేవాడు. సాయంత్రం లుంగీలు ఉతికి టేకుచెట్ల మధ్య ఆరేసేవాడు. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కానీ ఆయన "టెంటు నంబరు 9, సరస్సు ఒడ్డు, గుమ్మగెడ్డ" అన్న చిరునామా మీద గ్యాసు కనెక్షనుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. విచారణకని గ్యాసు కంపెనీ మనిషి ఘాటురోడ్డెక్కి వచ్చాడు. దాంతో రాష్ట్ర విహారవనాల సంస్థకి మెలకువ వచ్చింది.

ఉత్తర్వు ఇలా ఉంది: "విహారమనునది తాత్కాలికము. తాత్కాలికత్వమును కోల్పోయిన విహారము నివాసమగును. కావున ఆవరణలో ఏ ఒక్కరును వరుసగా పద్నాలుగు రాత్రులకు మించి ఉండరాదు. మించినవారు ఆవరణ వెలుపల నిరంతరాయముగా ఇరవై నాలుగు గంటలు గడిపిన పిమ్మటనే తిరిగి ప్రవేశార్హులు."

ఈ కాగితాన్ని గేటు పక్కన అతికించినవాడు గేదెల పోలినాయుడు. ఆ విహారవనానికి అతనే కాపలాదారు. పన్నెండు టెంట్లు, రెండు చెక్క ఇళ్లు, వేడినీళ్ల బాయిలరు ఒకటి, తాళాల గుత్తి ఒకటి అతని అధీనంలో ఉండేవి. గేటు పక్క ఒంటిగది క్వార్టరులో అతనూ భార్య రాములమ్మా కాపురం. వచ్చినవాళ్లకి రాములమ్మ అన్నం వండిపెడుతుంది. పోలినాయుడు రూలంటే ప్రాణం పెట్టే మనిషి. గడ్డి మీద నడవరాదన్న బోర్డు పెట్టిన రోజు నుంచి ఆ గడ్డి కోయడానికి కూడా అంచున నిలబడి పొడుగు కర్రకి కొడవలి కట్టుకుని కోసేవాడు. కాగితం అతికించి రెండడుగులు వెనక్కేసి చూసి, వంకర లేదని నిర్ధారించుకుని, సంతోషంగా అన్నానికి వెళ్లాడు.

రాములమ్మకి చదువు రాదు. "ఏటి రాసినారందులో?" అని అడిగింది.

"ఎవులూ పద్నాలుగు రాత్రులకి మించి ఉండకూడదట."

"మంచిదే" అంది రాములమ్మ. "ఆ లుంగీలాయన రోజూ పప్పులో ఉప్పు తక్కువయిందనీవోడు."

వారం తిరిగేసరికి ఉత్తర్వు అమలుకి ఒక కంప్యూటరు ప్రోగ్రాం వచ్చింది. దాని పేరు వననివాసి. ఆవరణలో రాత్రి గడిపే ప్రతి ఒక్కరి పేరూ, తండ్రి పేరూ, వచ్చిన తేదీ అందులో ఎక్కించాలి. పద్నాలుగు రాత్రులు దాటిన పేరు దానంతటదే ఎర్రబడుతుంది. ఎక్కించే బాధ్యత శిబిర పర్యవేక్షకుడు త్రినాథ్‌ది. అతను పట్నంలో ఉంటాడు, మంగళవారాలు మోటారు సైకిలు మీద వస్తాడు. పై అధికారి తుమ్మితే అది కూడా ఏదో ఆదేశమేమోనని రాసుకునే రకం. ప్రోగ్రాంతో వచ్చిన సూచనల కాగితంలో, ఆవరణలో రాత్రి గడిపే "ప్రతి ఒక్కరు" అన్న మాట కింద ఎర్రసిరాతో గీత గీసి ఉండటం చూసి, టెంట్లలో వాళ్లందరినీ ఎక్కించాక, కాపలాదారునీ అతని భార్యనీ కూడా ఎక్కించాడు.

ఎక్కించి, తెరవైపు చాలాసేపు చూశాడు.

"నాయుడూ, నీ పేరు ఎర్రగా వచ్చిందయ్యా" అన్నాడు.

పోలినాయుడు వంగి చూశాడు. పదకొండేళ్ల కింద ఉద్యోగంలో చేరిన రోజు నుంచి, ఒక్క రాత్రీ వదలకుండా, వననివాసి అతని లెక్క కట్టింది. నాలుగు వేల పదహారు రాత్రులు. ఆ ఎరుపు అతని ముఖం మీద కూడా పడింది.

మూడో రోజున మెమో అందింది. అనుమతించిన పద్నాలుగు రాత్రులు మినహాయించి, నాలుగు వేల రెండు రాత్రుల అక్రమ నివాసానికి సంజాయిషీ ఇవ్వాలని అందులో ఉంది. సంజాయిషీ రాయడానికి పోలినాయుడు రెండు రోజులు కూర్చున్నాడు. చివరికి "నేను కాపలా కాస్తూ ఉన్నానండి" అన్న ఒక్క వాక్యం రాసి పంపాడు. ఆ వాక్యాన్ని పరిశీలించడానికి ఉపసంచాలకులు పరాంకుశరావు గారు స్వయంగా జీపులో వచ్చారు.

పరాంకుశరావు గారు ఉత్తర్వు రాసిన మనిషి. బొద్దుగా, తెల్లగా, ఇస్త్రీ నలగకుండా ఉంటారు. ఆయన జీపు దిగి సరస్సు వైపు చూడలేదు, కొండల వైపు చూడలేదు. నేరుగా గేటు పక్క అతికించిన తన ఉత్తర్వు దగ్గరికి వెళ్లి మొదటినుంచి చివరిదాకా చదువుకున్నారు. చదవడం అయ్యాక తృప్తిగా కళ్లజోడు తుడుచుకున్నారు.

"చూడు పోలినాయుడూ" అన్నారు. "వ్యక్తిగతంగా నాకు నీమీద సానుభూతి ఉంది. సంస్థాగతంగా లేదు."

"మరి ఇక్కడుండటమే నా పనండి."

"అది నీ వాదన. ప్రోగ్రాంలో సిబ్బంది అన్న గడి లేదు. గడి లేనిచోట మనిషిని ఎక్కడ పెట్టమంటావు?"

"మరి నన్నేం చేయమంటారండి?"

"అందరూ చేసేదే. పద్నాలుగు రాత్రులు అవగానే ఆవరణ వెలుపల ఒక దినం గడుపు. మళ్లీ రా. ఎవరు కాదన్నారు?"

పోలినాయుడు చేతులు కట్టుకుని, చాలా వినయంగా, తన దగ్గరున్న ఇంకో కాగితం తీసి చూపించాడు. అదీ సంస్థ ఇచ్చిందే, చేరిన రోజున ఇచ్చిన నియామకపత్రం. కాపలాదారు ఏ కారణం చేతనూ ఆవరణకు కనుచూపు మేర దాటి పోరాదనీ, దాటిన క్షణమే ఉద్యోగం రద్దవుతుందనీ అందులో ఉంది. పరాంకుశరావు గారు దాన్నీ శ్రద్ధగా చదివారు.

"ఇదీ మంచి ఉత్తర్వే" అన్నారు. "రెండూ మంచివే. రెండింటినీ ఏకకాలంలో పాటించు."

"ఎలాగండి?"

"అమలు విధానం క్షేత్రస్థాయి వ్యవహారం" అని జీపెక్కారు.

ఆ సాయంత్రం పోలినాయుడు కంచె వెంట నడిచాడు. మూడు పక్కలా కంచె దాటితే రిజర్వు అడవి. అక్కడ రాత్రి ఉంటే అటవీశాఖ వాళ్లు కేసు పెడతారు. మిగిలింది నాలుగో పక్క, సరస్సు. గుమ్మగెడ్డ అనే వాగుకి అడ్డంగా కట్ట కట్టి నిలిపిన నీళ్లు అవి, నీటిపారుదల శాఖవి. విహారవనం హద్దు ఒడ్డున పాతిన తెల్లరాయితో అయిపోతుంది. తెల్లరాయి అవతల నీళ్లలో పదిగజాల దూరంలో ఉన్న మనిషి ఆవరణలో లేనట్టే. కానీ ఆవరణ అతని కనుచూపు మేరలో ఉన్నట్టే. చేపల సొసైటీ వాళ్లు వదిలేసిపోయిన పాత పడవ ఒకటి రెల్లులో బోర్లించి ఉంది. పోలినాయుడు దాన్ని తిరగేసి, చిల్లులకి గుడ్డపేలికలు దూర్చి తారు పూశాడు.

రాములమ్మ మొదట ససేమిరా అంది.

"నాను రాను. నానేటి నేరం సేసినానని నీలల్లో కూకోవాల? నా గుమ్మిడిపాదుకి నీలెవులు పోత్తారు?"

"నీ పేరు కూడా ఎర్రగుందే."

"ఉంటే ఉండనీ. ఎరుపైతే నాకేటి, నలుపైతే నాకేటి?"

"నా ఉద్యోగం పోతాదే" అన్నాడు పోలినాయుడు. ఆ మాట అతను గట్టిగా అనలేదు. ఇంకో రెండేళ్లు చేస్తే నౌకరీ ఖాయమవుతుందని ఎనిమిదేళ్లుగా చెబుతున్నారు. పోతే తల దాచుకునే గది కూడా పోతుంది. రాములమ్మ అతని ముఖంలోకి చూసి, చద్దిమూట కట్టింది.

తారు ఆరిన మర్నాడు పొద్దున పదకొండు గంటలకి ఇద్దరూ తమ క్వార్టరుకి తాళం వేసి, పడవలో పదిగజాలు వెళ్లి, రాతిని కట్టిన తాడు దింపి ఆగారు. అరగంటలో ఒడ్డున జనం చేరారు.

"ఏవండీ, మూడో నంబరు తాళం?"

పోలినాయుడు పడవలోంచి తాళం విసిరాడు.

"వేడినీళ్లు రావట్లేదు."

"ఎర్ర మీట కిందికి నొక్కండి బాబూ. ఇంకా కిందికి. ఆఁ, అదే."

"మీరు అక్కడెందుకున్నారు?" అని ఒకావిడ అడిగింది.

"మేం ఇక్కడ లేమమ్మా" అన్నాడు పోలినాయుడు.

మధ్యాహ్నానికి ఒడ్డున అడగడాలు తగ్గాయి. ఎండ కొండల మీదికి జరిగింది. వండాల్సిన అన్నం లేదు, ఊడ్చాల్సిన టెంటు లేదు. రాములమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు ఇబ్బందిగా కదిలింది. తర్వాత కదలడం మానేసింది. చాలాసేపటికి, "ఇటుంచి సూత్తే మనిల్లు బాగుంది సుమా" అంది. పోలినాయుడు తలెత్తి చూశాడు. నీలపుకొండ కింద ఎర్రపెంకుల ఒంటిగది, దాని మీదికెక్కిన గుమ్మడిపాదు, పక్కన ఎత్తుగా ఒక టేకుచెట్టు. పదకొండేళ్లుగా అతను దాన్ని లోపలినుంచే చూశాడు. బాగానే ఉంది. ఆ మాట పైకి అనడానికి అతనికి మొహమాటమేసింది.

మర్నాడు పదకొండింటికి ఇద్దరూ దిగారు. వననివాసిలో వాళ్ల పేర్లు పచ్చబడ్డాయి.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ నాలుగో నంబరు టెంటులో ఒక జంట, గడువు తీరగానే తమ కుక్కని టెంటులో వదిలి పట్నం వెళ్లిపోయారు. కుక్క మనిషి కాదు గనక "ఏ ఒక్కరును" అన్నమాట దానికి వర్తించదనీ, టెంటు దాని పేరనే కొనసాగాలనీ ఫోనులో వాదించారు. ఈ వాదనలోని బలాన్ని పరాంకుశరావు గారు గుర్తించారు. వారంలో సవరణ వచ్చింది: "నివాసి అనగా ఆవరణలో రాత్రి గడుపు సమస్త ప్రాణి."

మంగళవారం త్రినాథ్ వచ్చి రాములమ్మ కోళ్ల గంప ముందు గొంతుక్కూర్చున్నాడు. అందులో పెట్టకోడి ఒకటి పన్నెండు గుడ్ల మీద పొదుగుతోంది.

"దీని పేరేమిటమ్మా?"

"కోడి."

త్రినాథ్ కోడి అని కొట్టాడు. ప్రోగ్రాం ముందుకు కదల్లేదు.

"తండ్రి పేరు అడుగుతోంది."

రాములమ్మ ఆలోచించింది. "పుంజు" అంది.

ప్రోగ్రాం ఒప్పుకుంది. పొదగడానికి ఎన్నాళ్లు పడుతుందని త్రినాథ్ అడిగాడు. ఇరవై ఒక్క రోజులని చెప్పింది రాములమ్మ. త్రినాథ్ దిగులుగా తల ఊపాడు. పద్నాలుగు రాత్రుల్లో పిల్లని లేపలేని కోడి విషయంలో సడలింపు ఏమైనా ఉందా అని పై కార్యాలయానికి రాశాడు. ఉత్పాదకత పెంచుకోవాల్సిందిగా కోడికి సూచించమని సమాధానం వచ్చింది.

కాబట్టి రెండో విడత పోలినాయుడు పడవెక్కినప్పుడు గంపతో సహా కోడి కూడా ఎక్కింది. మూడో విడతలో ఇంకో సభ్యుడు చేరాడు. గేటుకి ఎదురుగా గద్దె మీద సంస్థ పూర్వాధ్యక్షుల వారి సిమెంటు విగ్రహం ఉంది, ఛాతీ వరకే. కిందిపలక మీద పేరుంది, తండ్రి పేరుంది, తొమ్మిదేళ్లుగా ఆవరణలో ఉంటున్న దాఖలా తేదీతో సహా ఉంది. ప్రాణి కాదు కదా అని పోలినాయుడు అంటే, త్రినాథ్ గొంతు తగ్గించి, "కాదని రాసిస్తావా? పెద్దాయనలో ప్రాణం లేదని నీ సంతకంతో?" అన్నాడు. పోలినాయుడు రాసివ్వలేదు. నలుగురు పట్టి పెద్దాయన్ని పడవలో పెట్టారు. ఎండకి ఆయన బుర్ర కాగిపోతుంటే చూడలేక రాములమ్మ తడిగుడ్డ కప్పింది. గంప పెట్టడానికి వేరే చోటు లేక ఆయన ఛాతీకి ఆనించింది.

ఆ మధ్యాహ్నం, నీళ్ల మీద, పూర్వాధ్యక్షుల వారి సన్నిధిలో, కోడిగుడ్లు పగిలి పన్నెండింటికి పదకొండు పిల్లలు లేచాయి. ఒడ్డు మీద టెంట్లవాళ్లు చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు. ఒక ఫోటో పేపర్లో పడింది. తలగుడ్డ కట్టిన విగ్రహం, దాని భుజం మీద ఒక కోడిపిల్ల, వెనక కొండలు.

ఆ ఫోటో పోలినాయుడూ చూశాడు. ఈసారి మెమో కాదు, బర్తరఫే అనుకున్నాడు. రాములమ్మ సామాన్లు ఏ మూటలో ఏవి కట్టాలో మనసులోనే సర్దుకుంది. కానీ పేపరు చదివినవాళ్లు ఆ పడవలో ఒక రోజు ఉండటానికి వీలవుతుందా అని సంస్థకి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. సంస్థ కలవరపడి, సమావేశమై, అది తను ముందునుంచీ అనుకుంటున్నదేనని గ్రహించింది. దానికి జలవాసం అని పేరు పెట్టింది. ప్రారంభోత్సవానికి పరాంకుశరావు గారే వచ్చారు.

ఆయన ఒక రాత్రికని వచ్చారు. ఆ రాత్రే వాన పట్టుకుంది. ఘాటురోడ్డు మీద కొండచరియ విరిగిపడింది. పడిన బండలు అటవీశాఖవి, పడిన చోటు రోడ్ల శాఖది. బండలు కదిలిస్తే అటవీ సంపద తరలించినట్టని వాళ్లు, కదిలించకపోతే రోడ్డు తమది కాదన్నట్టని వీళ్లు, కిందనున్న పట్నంలో ఉత్తరాలు రాసుకున్నారు. రోజులు గడిచాయి. త్రినాథ్ అవతల చిక్కుకుపోయాడు. టెంట్లలో ఉన్నవాళ్లు అడవిదారిన నడిచి కిందికి దిగిపోయారు. పరాంకుశరావు గారు నడవగలిగిన మనిషి కారు. మొదటి చెక్క ఇంట్లో ఉండి, రాములమ్మ వండిన చామదుంపల పులుసు తింటూ, రోజుకి రెండుసార్లు వాన ఎందుకు ఆగలేదో పోలినాయుణ్ణి అడిగేవారు. పోలినాయుడు తన తప్పే అన్నట్టు చెప్పేవాడు.

పద్నాలుగో రాత్రి దాటాక పొద్దున వాన వెలిసింది. పోలినాయుడు గేటు దగ్గర కంప్యూటరు తెరిచేసరికి, ప్రారంభోత్సవం నాడు త్రినాథ్ ఎక్కించి వెళ్లిన పేరొకటి ఎర్రగా ఉంది. అతను కళ్లు నులుముకున్నాడు. కింద, దానంతటదే తయారైన తాఖీదు ఒకటి వచ్చి ఉంది. ఉదయం పదకొండు గంటలకల్లా సదరు నివాసి ఆవరణ విడవాలనీ, విడవనిచో వసతి తలుపులు వాటంతటవే మూసుకుని విద్యుత్తు నిలిచిపోవుననీ ఉంది. చివర సంతకం: పరాంకుశరావు, ఉపసంచాలకులు.

పోలినాయుడు దాన్ని అచ్చు తీసి, రెండు చేతులతో పట్టుకుని వెళ్లి, చెక్క ఇంటి మెట్ల కింద నిలబడ్డాడు. సంతోషమేమీ కలగలేదతనికి.

"ఏమిటది?"

"తమరి ఉత్తర్వండి. తమరికేనండి."

పరాంకుశరావు గారు చదివారు. మొదటిసారి ఆయన తన రాతలో ఒక మాట రెండోసారి చదవాల్సి వచ్చింది.

"నేను విధి నిర్వహణలో ఉన్నానయ్యా" అన్నారు.

"నిజమేనండి."

"రోడ్డు మూసుకుపోతే నా తప్పా?"

"కాదండి."

"మరి నేను ఎక్కడికి పోవాలి?"

పోలినాయుడు నీళ్లవైపు చూశాడు. పరాంకుశరావు గారూ అటు చూశారు. ప్రారంభోత్సవపు రిబ్బను ఇంకా పడవకి వేలాడుతోంది.

"నాకు ఈత రాదు."

"పడవకి వచ్చండి" అన్నాడు పోలినాయుడు, ధైర్యం చెప్పడానికి.

పదకొండింటికి చెక్క ఇంటి తలుపు టక్కుమని పడింది. అప్పటికి ఉపసంచాలకులు పడవలో ఉన్నారు. కిందటి విడత ఎక్కించిన విగ్రహాన్ని దించడానికి నలుగురు దొరకలేదు గనక ఆయనకి ఎదురుగా పూర్వాధ్యక్షుల వారున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఇద్దరూ కూర్చున్నారు. గంటకోసారి పరాంకుశరావు గారు ఒడ్డుకి కేక వేసేవారు, గొడుగని, మంచినీళ్లని, జలగలుంటాయా అని. పోలినాయుడు కర్ర చివర కట్టి అన్నీ అందించాడు. నాలుగు గంటలకి ఆయన గొంతు మారింది.

"పోలినాయుడూ, ఒకసారి ఒడ్డుకి రావాలి. రెండే రెండు నిమిషాలు. వ్యక్తిగతం."

పోలినాయుడు గేటు దాకా పరిగెత్తి ఉత్తర్వు చూసి వచ్చాడు.

"నిరంతరాయముగా అని ఉందండి. దిగితే లెక్క మళ్లీ మొదటికొస్తాదండి."

"ఆ మాట ఎవరు రాశారు?" అని అరవబోయి, ఆయన ఆగిపోయారు.

దిగారు. లెక్క మళ్లీ నాలుగున్నర నుంచి మొదలైంది. తెల్లవారాక ఇంకోసారి దిగారు. ఇరవై నాలుగు గంటలు పూర్తి చేయడానికి ఆయనకి మొత్తం రెండు రోజులు పట్టింది. రెండో రోజు మధ్యాహ్నం రాములమ్మ మోకాలిలోతు నీళ్లలోకి దిగి రాగిజావ గిన్నె అందించింది. ఆయన ఇస్త్రీ అంతా పోయింది. ముక్కు ఎర్రగా కందింది.

"మీరు దీంట్లో ఎన్నిసార్లు ఉన్నారు?" అని అడిగారు.

"ఏడుసార్లు బాబూ."

"కష్టంగా లేదా?"

"మొదట్లో ఉండీది" అంది రాములమ్మ. "తరవాత ఈ ఒక్కరోజు కోసమే సూసీదాన్ని. ఎవులూ నన్ను అన్నం అడగరు కదా."

ఆయన జావ తాగుతూ, గిన్నె అంచు మీదుగా, నీలపుకొండ వైపు చూశారు. ఎంతసేపు చూశారో రాములమ్మ లెక్కపెట్టలేదు. గిన్నె తిరిగిచ్చేటప్పుడు, "అది కొండా మేఘమా?" అని అడిగారు. కొండే అని చెప్పింది.

బండలు తొలగాయి. ఆయన వెళ్లిపోయారు. నెల తిరగకుండా పదిహేను పేజీల కొత్త ఉత్తర్వు వచ్చింది. వననివాసిలో సిబ్బంది అన్న గడి పెట్టారు. కోళ్లకీ విగ్రహాలకీ మినహాయింపు ఇచ్చారు. పోలినాయుడి పేరు నల్లబడింది. నాలుగు వేల రెండు రాత్రులు మాఫీ అయ్యాయి. ఉద్యోగం నిలిచింది, గది నిలిచింది. చివరి పేజీలో చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది: "సిబ్బంది నివాసితులు కారు. కావున జలవాసమునకు అనర్హులు."

పాత పడవకి రంగులు వేశారు, మెత్తలు కుట్టించారు. మూడు నెలల ముందే టిక్కెట్లు అయిపోతున్నాయి. రాములమ్మకి ఇప్పుడు పడవలో ఉన్నవాళ్లకి కూడా వండి పంపాల్సిన పని పడింది.

పదిహేనో నాడు పొద్దున పోలినాయుడు బాయిలరు దగ్గర నుంచి వచ్చేసరికి, రాములమ్మ చద్దిమూట కట్టుకుని, కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఈపాలి మనకి లేదే" అన్నాడు పోలినాయుడు. "రూలు మారిపోనాది."

రాములమ్మ లోపలికి వెళ్లి మూట విప్పి, అన్నం మళ్లీ గిన్నెలో వేసింది. చీర మార్చుకుంది. ఆ గిన్నె చప్పుడు పోలినాయుడికి మెమో చదివినప్పటి కంటే ఎక్కువ బాధ కలిగించింది.

మంగళవారం అతను త్రినాథ్‌కి ఒక కాగితం ఇచ్చాడు. పదకొండేళ్లలో అతను తనంతట తాను రాసిన మొదటి అర్జీ అది. పద్నాలుగు రోజులకొకసారి ఒక దినం సెలవు ఇప్పించవలసిందని. త్రినాథ్ దాన్ని బాంబులా పట్టుకున్నాడు.

"సెలవా? ఎందుకు? ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదండి."

"కారణం గడిలో ఏదో ఒకటి రాయాలి కదయ్యా."

పోలినాయుడు ఆలోచించి, కలం తీసుకుని, "తాత్కాలికత్వము నిమిత్తం" అని రాశాడు. ఆ మాటకి అర్థం త్రినాథ్‌కీ తెలియదు గానీ పై కార్యాలయం మాటలా ఉంది. నేనెందుకు కాదనాలి అనుకుని పైకి పంపాడు. పైనున్నవాళ్లు, ఇది మనవాళ్ల మాటే అనుకుని మంజూరు చేశారు. సెలవుదినాన బదులు కాపలా త్రినాథ్ కాయాలని కూడా రాశారు.

ఆ రోజు త్రినాథ్ తాళాల గుత్తి మెళ్లో వేసుకుని, బాయిలరు ముందు ఎర్రమీట ఏదో తెలియక నిలబడి ఉండగా, భార్యాభర్తలిద్దరూ గేటు దాటారు. అడ్డకట్ట మీదుగా నడిచి, గెడ్డ వెంట తిరిగి, ఎండ ఎక్కకముందే సరస్సు అవతలి ఒడ్డుకి చేరారు. అక్కడ పచ్చిక, ఒక మారేడుచెట్టు, నీళ్లదాకా దిగిన నీడ. అక్కడినుంచి విహారవనం అగ్గిపెట్టెంత కనిపిస్తోంది, మనుషులు కనిపించడం లేదు. చెట్టు కింద తుప్పుపట్టిన రేకుబోర్డు ఒకటి పాతి ఉంది. ఏ శాఖదో పేరు చెరిగిపోయింది, కింది రాత మాత్రం బాగానే ఉంది: "ఈ ప్రదేశమున కూర్చొనుట నిషేధము."

పోలినాయుడు బోర్డు ముందు నిలబడిపోయాడు.

"ఏటి రాసినారు?" అని అడిగింది రాములమ్మ, మూట దించుతూ.

అతను బోర్డుని ఇంకోసారి చదివాడు. నీళ్లవైపు చూశాడు. భార్య ముఖం వైపు చూశాడు.

"కూకోమని రాసినారే" అన్నాడు.

రాములమ్మ కొత్తచీర మడతలు సర్దుకుని, బోర్డుకి వీపు ఆనించి కూర్చుంది.